ఇబ్రహీంపట్నం నుంచి ఆటు అంచు దాకా

ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు మనసులో స్థిరపరచుకున్న తర్వాతే మిగిలింది చదవండి. సముద్రాన్ని చదివే హక్కు సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళకే ఉందా?

"అలాంటి నియమం ఎవరు పెట్టారు?" అని మీరు ఎదురు ప్రశ్న వేయవచ్చు. ఎవరూ పెట్టలేదు. నా ఫిర్యాదు అదే. కాగితం మీద ఉన్న నియమాన్ని ఆ కాగితం చూపించి ప్రశ్నించవచ్చు. ఎవరూ రాయకుండానే అందరూ పాటిస్తున్న నియమం గురించి ఎవరిని నిలదీయాలి?

మా ఊరు రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం. డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. మూడేళ్ళూ కళాశాల వాదోపవాద జట్టులో ఉన్నాను. విశాఖ దాటిన తర్వాత తీరాన్ని ఆనుకుని ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్రం ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టాను. రాతపరీక్ష గట్టెక్కి ముఖాముఖికి పిలుపు వచ్చింది. ఇతర రాష్ట్రాలవాళ్ళకు ఉన్నది ఒకే ఒక్క సీటు. పిలిచింది ఆరుగురిని. అది రాకపోతే వచ్చే సోమవారం బీఈడీలో చేరిపోవాలి. బీఈడీ తక్కువ చదువని నేను అనను. అది నేను కోరిన చదువు కాదు, అంతే. బాపు ఒక్క ప్రయత్నానికి ఒప్పుకున్నాడు. ఇంకో ఏడాది ఇంట్లో కూర్చుని రెండో ప్రయత్నం చేయడానికి ఒప్పుకోలేదు. ఆ ఒప్పందం న్యాయమైనదే కాబట్టి నేనూ ఎదురు చెప్పలేదు.

బస్సులో

బాపు ఆదిభట్ల దగ్గర ఒక కంపెనీ బస్సు నడుపుతాడు. అతనికి సెలవు దొరకలేదు. తోడుగా మా పెద్దమ్మ రాజమణి బయలుదేరింది. పెద్దమ్మ ఇబ్రహీంపట్నం అంగట్లో చెరువు చేపలు అమ్ముతుంది. రవ్వ, బొచ్చె, కొర్రమట్ట ఏది ముందు పెట్టినా మొప్ప ఎత్తి చూసి, పొద్దున పట్టిందో నిన్న పట్టిందో చెప్పేస్తుంది. ఆమె ప్రయాణానికి చెప్పిన కారణం మాత్రం నా చదువు కాదు.

"సముద్రం శాపలు, సముద్రం శాపలని మస్తు గొప్ప జెప్తరు. గవేందో నా కండ్లతోని సూడాలె," అంది.

బస్సు కండక్టరమ్మ మాకు ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్లు చింపి ఇస్తూ సంచుల వంక చూసింది.

"యాడికి పెద్దమ్మా, పెండ్లికా?"

"పెండ్లెక్కడిది? మా బిడ్డకు సముద్రం సదువు."

"సముద్రం సదువా? మనకాడ సముద్రం యాడున్నది? గది సదివి ఏం జేస్తది?"

అదృష్టవశాత్తు అప్పుడే నాదర్‌గుల్ వైపు ఆకాశంలో ఒక చిన్న శిక్షణ విమానం చక్కర్లు కొడుతూ కిటికీలోంచి కనిపించింది. దాన్ని చూపిస్తూ అన్నాను: "అక్కా, నాదర్‌గుల్‌ల విమానం నడుపుడు నేర్పుతున్నరు గదా. మీ ఊర్ల ఆకాశం ఎంతున్నదని వాళ్ళను ఎవరన్న అడిగిన్రా?"

ముందు సీట్లవాళ్ళు నవ్వారు. కండక్టరమ్మ కూడా నవ్వింది. "అబ్బో, నోరు మంచిగున్నది. ఆడ గీ నోరొక్కటే సరిపోతదా అని నా ఫికర్," అంటూ వెనక సీట్ల వైపు పోయింది.

నేను గెలిచాననుకున్నాను. సభ నవ్వితే వాదన నిలబడినట్టేనని మూడేళ్ళుగా అలవాటైపోయింది. ఆమె మాటలోని రెండో సగం ఎంత సరైనదో నాకు మూడో రోజున గాని తెలియలేదు.

రైలులో

ఎదురు బెర్తుల్లో అనకాపల్లి వెళుతున్న ఒక కుటుంబం ఉంది. పెద్దమ్మ జొన్న రొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు విప్పగానే ఆ ఇంటి పెద్దావిడకు తుమ్ములు మొదలయ్యాయి. ఒక్క ముక్క రుచి చూసి మంచినీళ్ళ సీసా మొత్తం తాగేసింది. బదులుగా ఆవిడ మాకు బెల్లం పోసి చేసిన చోడిపిండి ఉండలు ఇచ్చింది. మేం తైదలు అనే రాగులనే వాళ్ళు చోళ్ళు అంటారని తేలడానికి అరగంట పట్టింది. నలుపు కలిసిన ఎరుపు, అదే వాసన, అదే గరుకు. పెద్దమ్మ ఆ పిండిని వేళ్ళతో నలిపి చూసి, "గింత మంచి తైద పిండిని గిట్ల తీపి జేసి ఖరాబ్ జేసిన్రు," అని నా చెవిలో అంది. అయినా నాలుగు ఉండలు తిన్నది.

రేవులో కాటా లేదు

పొద్దున్నే దిగి, విశ్వవిద్యాలయం దగ్గరి సత్రంలో సంచులు పడేసి, పెద్దమ్మ పట్టుదలకు తలొగ్గి నేరుగా చేపల రేవుకు వెళ్ళాం. అది ఊరి చివర ఇసుక మీదే జరిగే చిన్న రేవు. పడవలు వచ్చి ఆగుతుంటే ఆడవాళ్ళు గంపలతో ఎదురు వెళుతున్నారు. అక్కడ నేను మొదటిసారి సముద్రం చూశాను. ఆ చూపు గురించి వర్ణన చేయను. నాకు ముందే చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు మొదట అనిపించింది ఒక్కటే: ఇది ఒక్క క్షణం కూడా ఒకచోట నిలబడదు. దీన్ని ఎక్కడ పట్టుకుని చదవాలి?

పెద్దమ్మ మాత్రం ఏ తడబాటూ లేకుండా ఒక కానాగంతల గంప ముందు గొంతుక్కూర్చుంది.

"కిలో ఎంత?"

గంప వెనక ఉన్న మనిషి పేరు పోలమ్మ అని తర్వాత తెలిసింది. యాభై దాటిన వయసు, ఎండకు నల్లబడి మెరిసే చేతులు. ఆమె పెద్దమ్మను పైనుంచి కిందకు చూసింది.

"కిలో ఏటమ్మా? గంప మొత్తం ఏలంపాట. ఎత్తి సూసుకో. సెయ్యికి తెలవదేటి బరువు?"

"నా సెయ్యి మంచిదే. నీ గంపల అడుగున ఐసెంతున్నదో దానికెట్ల తెలుస్తది?"

"ఒలమ్మో! ఏ ఊరోలు మీరు?"

"ఇబ్రహీంపట్నం. మాకాడ శాప కండ్ల ముందట ఎగురుతది. గిట్ల ఐసుల పండబెడితే దవాఖానల ఉన్నట్టే లెక్క."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. పోలమ్మ కోపం తెచ్చుకోలేదు. ఒక చేపను తీసి మొప్ప ఎత్తి చూపించింది. పెద్దమ్మ వాసన చూసింది, కన్ను నొక్కింది. చివరికి, "మంచిగనే ఉన్నది," అని ఒప్పుకుంది. పెద్దమ్మ నోట ఇంకొకరి చేపకు ఆ మాట వినడం నాకు అదే మొదలు. బేరం కుదరలేదు గాని మాటలు కుదిరాయి. మా అంగట్లో కాటా లేకుండా ఎవరూ నమ్మరు. ఇక్కడ కాటా పెడితేనే అనుమానిస్తారు. పద్ధతులు రెండూ పూర్తిగా ఎదురు. అయినా ఆ ఇద్దరు ఆడవాళ్ళకు ఒకరి పని ఒకరికి నిమిషంలో అర్థమైంది.

నీళ్ళు తిరిగి వచ్చాయి

మర్నాడే ముఖాముఖి. పాఠ్యపుస్తకాల్లో బొమ్మలుగా చూసిన జీవుల్ని ఒక్కసారైనా కళ్ళతో చూడాలని మధ్యాహ్నం మూడు గంటలకు రాతి ఒడ్డుకు వెళ్ళాను. రేవు పక్కనే నల్లటి బండలు బారులు తీరి సముద్రంలోకి దిగుతాయి. ఆ వేళ అవి ఆరిపోయి ఉన్నాయి. ఒడ్డుకు దగ్గరగా ఉన్న చదునైన రాయి మీద చెప్పులు విడిచి, వట్టికాళ్ళతో లోపలికి నడిచాను. ధ్రువపత్రాల సంచిని పెద్దమ్మ ఎవరి చేతికీ ఇవ్వదు కాబట్టి అది ఆమె ఒళ్ళోనే ఉంది. ఆమె పోలమ్మతో కలిసి ఇసుక మీద ఎండుతున్న నెత్తళ్ళను తిరగేస్తూ కూర్చుంది.

బండల గుంతల్లో మిగిలిన నీళ్ళలో ఎంత లోకం ఉందో! వేలు తగిలితే ముడుచుకుపోయే పువ్వులాంటి జీవులు, రాతికి సున్నం పూసినట్టు అతుక్కున్న గుల్లలు, గోరంత నత్తలు, పక్కకు పరుగెత్తే పీతలు. ఒక్కొక్కటీ గుర్తుపడుతూ, పేరు రాసుకుంటూ, నేను లోకాన్ని మరిచాను.

"ఏ గుంటా! ఒచ్చీయ్! పోటు తిరిగింది!" పోలమ్మ కేక. వాళ్ళ వైపు గుంట అంటే పిల్ల.

నేను తల ఎత్తి చూశాను. నా కాళ్ళ కింద బండ పొడిగానే ఉంది. "ఇక్కడ నీళ్ళు లేవు!" అని అరిచాను. నా వాదన సాక్ష్యంతో సహా ఉంది. సాక్ష్యం నా ముందున్న పక్కది మాత్రమే. వెనక్కి చూడాలని తోచలేదు. తోచి తిరిగేసరికి నాకూ ఒడ్డుకూ మధ్య బండల సందుల్లో నీళ్ళు నిండాయి. మోకాలి లోతు అనుకుని దిగితే నడుము దాకా వచ్చాయి. పోలమ్మ కొంగు బిగించి సగం దాకా దిగి నా జబ్బ పట్టుకుని లాగింది. చెప్పులు పెట్టిన రాయి ఎక్కడుందో కూడా కనిపించలేదు.

ఇది మా ఊరివాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు. మా చెరువులో పొద్దున నీళ్ళు ఎక్కడున్నాయో సాయంత్రమూ అక్కడే ఉంటాయి. గట్టున విడిచిన చెప్పులు మనం వచ్చేదాకా గట్టుననే ఉంటాయి. నీటి అంచు అనేది స్థలమని ఇరవై ఒక్క ఏళ్ళు నమ్మాను. అది వేళ అని ఆ సాయంత్రం తెలిసింది.

"చెప్పులు వొయినయ్. రేపు పరీక్షకు వట్టి కాళ్ళతోనా?" పెద్దమ్మ తల పట్టుకుంది. "నీళ్ళతోని గూడ వాదన వెట్టుకుంటవా నువ్వు?"

పోలమ్మ నవ్వు ఆపుకుంటూ నా చున్నీ పిండి ఇచ్చింది. "దానికేటి తెలుసు పాపం. ఇయాల పున్నమి. పున్నమికీ అమాసకీ పొద్దు పైకొచ్చేతలికి నిండు పోటు. మూడింటికి నీరు లాగేస్తాది, ఆటు. మర్నాటి నుంచి రోజుకి రెండు గడియలు ఎనక్కి జరుగుతాది. అంతే లెక్క."

పెద్దమ్మ వేళ్ళ కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "రేపు పాడ్యమి. రెండు గడియలు. ఎల్లుండి విదియ, నాలుగు..." తిథులు ఆమెకు నోటికి వస్తాయి. భక్తి వల్ల కాదు. ఏకాదశికి ఎంతమంది చేప కొనరో, ఏ శనివారం గిరాకీ పడిపోతుందో తెలియకపోతే అంగట్లో తెచ్చిన సరుకు మిగిలిపోతుంది. ఒకామె సముద్రంలోకి దిగడానికి, ఇంకొకామె చేప మిగలకుండా చూసుకోవడానికి, ఇద్దరూ ఒకే చంద్రుణ్ణి లెక్కపెడుతున్నారు.

నాకు మాత్రం ఏదీ అడగకుండా నమ్మే అలవాటు లేదు. "ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదా?" అన్నాను.

పోలమ్మ కొంచెం ఆలోచించింది. "గాలి జోరుగుంటే అరగంట అటూ ఇటూ అవుతాది. ఎప్పుడూ తప్పనిది కావాలంటే దేవుడి కాడికెల్లు."

తన లెక్క ఎంత తప్పవచ్చో తానే చెప్పగలిగిన మనిషిని నేను వాదోపవాద వేదికల మీద ఎన్నడూ చూడలేదు. ఆ మాట పుస్తకంలో రాసుకున్నాను. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. రెండు గడియలు నలభై ఎనిమిది. మూడు గంటలకు కలిపితే రేపటి ఆటు నాలుగు గంటలకు కొంచెం ముందు.

గది లోపల

మర్నాడు పెద్దమ్మ రబ్బరు చెప్పులు వేసుకుని నేను లోపలికి వెళ్ళాను. ఆమె వట్టికాళ్ళతో బయట బాదం చెట్టు నీడలో కూర్చుంది.

ముగ్గురు ఆచార్యులు. మధ్యలో కూర్చున్నావిడ విభాగాధిపతి. తల నెరిసింది, మాట తక్కువ. ఎడమ పక్కన ఉన్న పెద్దాయన నా దరఖాస్తు తిరగేసి, నేను ఎదురుచూసిన ప్రశ్నే అడిగారు: "మీ ఊరికి సముద్రం ఎంత దూరమమ్మా? ఇంత దూరం వచ్చి ఇదే ఎందుకు చదవాలి?"

దీనికి వారం నుంచి సిద్ధంగా ఉన్నాను. మా చెరువు అలుగు పారితే ఆ నీళ్ళు చివరికి కృష్ణలో కలుస్తాయని, కృష్ణ సముద్రంలో కలుస్తుందని, మా పొలాల్లో చల్లిన ఎరువు, మా వీధిలో పారేసిన ప్లాస్టిక్ కూడా ఆ దారినే వస్తాయని, కాబట్టి సముద్రానికి మేం దూరం కాదు, ఎగువ మాత్రమేనని మూడు అంచెల్లో చెప్పాను. స్వరం ఎక్కడ పెంచాలో అక్కడ పెంచాను.

విభాగాధిపతి పెన్ను కింద పెట్టారు. "వాదన బాగుంది. ఒక్క దోషమూ లేదు. కానీ దీన్ని నువ్వు సముద్రం చూడకుండానే తయారు చేసుకున్నావు. అవునా?"

అవును. అంతకంటే నిజమైన మాట ఆ గదిలో ఎవరూ అనలేదు. నా మొహం వేడెక్కింది. సీటు చేజారిపోయిందని ఆ క్షణంలోనే అనుకున్నాను.

"చూశాక ఏం తెలిసింది?" అన్నారు ఆవిడ.

అప్పుడు చెప్పుల సంగతి చెప్పాను. దాచడానికి ఏమీ లేదు. నా కాళ్ళకు రెండు అంగుళాలు పెద్దవైన చెప్పులు బల్ల కింద కనబడుతూనే ఉన్నాయి. పెద్దాయన నవ్వేశారు. ఆవిడ నవ్వలేదు. "అయితే ఇవాళ ఆటు ఎన్ని గంటలకు?" అని అడిగారు.

"నాలుగుకు పది పన్నెండు నిమిషాల ముందు. గాలిని బట్టి అరగంట అటూ ఇటూ."

"ఆటుపోట్ల పట్టిక చూశావా?"

"లేదు మేడమ్. ఇవాళ పాడ్యమి." రెండు గడియల లెక్క చెప్పాను. ఆ లెక్క నాది కాదని, రేవులో పోలమ్మ చెప్పిందని, తిథి మా పెద్దమ్మ చెప్పిందని కూడా చెప్పాను. చంద్రుడు రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు కాబట్టి గడియల లెక్కకు శాస్త్రంలో ఆధారం ఉందని, ఆ మిగిలిన రెండు నిమిషాలు పోగుపడి ఎన్నాళ్ళకు తప్పు చూపిస్తాయో నాకు ఇంకా తెలియదని అన్నాను.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. "మూడున్నరకు మీ ఆరుగురూ జీపు దగ్గర ఉండండి," అన్నారు ఆవిడ. అంతే.

ఐదు గడులు

మూడున్నరకు బయలుదేరవలసిన జీపు టైరులో మేకు దిగింది. మేం ఆరుగురం బండల దగ్గరకు చేరేసరికి నాలుగూ నలభై. నీళ్ళు అప్పటికే తిరిగాయి.

పరీక్ష ఇది. ఒడ్డు నుంచి నీటి అంచు దాకా బండ మీద రంగుతో ఐదు గుర్తులు పెట్టారు. ప్రతి గుర్తు దగ్గర చదరపు తీగ చట్రాన్ని ఆనించి, ఆ గడిలో ఏయే జీవులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కాగితం నింపాలి. గంట సమయం. ఎవరి బండ వరుస వాళ్ళది.

నా పక్క వరుస ఒడిశాలోని గోపాల్‌పూర్ నుంచి వచ్చిన తేజది. తెలుగింటి అబ్బాయి, ఇంటి మేడ మీద నుంచే సముద్రం కనిపిస్తుందట. మంచివాడు; జీపులో నాకు వేరుశనగలు పెట్టాడు. అతడూ, మిగతా నలుగురూ ఒడ్డు దగ్గరి గడితో మొదలుపెట్టారు. అది పొడిగా ఉంది, నిలబడడానికి వీలుగా ఉంది, కాగితంలో మొదటి వరుస కూడా అదే. నేను చెప్పులు విడిచి, చేతి సంచిలో వేసుకుని భుజానికి తగిలించుకుని, తిన్నగా అట్టడుగు గడికి నడిచాను. నీళ్ళు కింద నుంచి వస్తాయి. ముందు మునిగేది ముందు చూడాలి. నిన్నటి సాయంత్రం నాకు నేర్పింది ఇదొక్కటే.

కానీ ఆ జీపు మేకు నన్నూ వదల్లేదు. అట్టడుగు గడి అప్పటికే నురుగు కింద ఉంది. అల వెనక్కి పోయినప్పుడు తేటపడుతుందేమోనని మూడు అలలు ఆగాను. నాలుగోది నా మోకాళ్ళు తడిపింది. ఇక ఆగితే కింది నుంచి రెండోదీ పోతుంది. వెనక్కి జరిగి రెండో గడి లెక్కపెట్టాను. చివరి నత్తను రాసేసరికి నీళ్ళు చట్రాన్ని తాకాయి. మూడు, నాలుగు, ఐదు నిదానంగా పూర్తి చేశాను. నేను పైకి ఎక్కుతుంటే మిగతావాళ్ళు కిందకు దిగుతూ ఎదురయ్యారు. వాళ్ళ కింది రెండు గడులూ కనిపించకుండా పోయాయి.

కాగితంలో నాకు ఒక వరుస ఖాళీ మిగిలింది.

"సున్న రాసెయ్," అన్నాడు తేజ, తన కాగితం నింపుతూ. "అలలు అంత గట్టిగా కొట్టే చోట ఏటుంటాయి? ఖాళీ ఒదిలేస్తే పని పూర్తి చెయ్యలేదని మార్కులు తీసేస్తారు."

"నేను చూడలేదు గద."

"ఎవరూ చూడలేదు. అందుకే ఎవరూ అడగరు."

ఇక్కడ నేను గొప్ప నిశ్చయంతో ఉన్నానని రాస్తే అది అబద్ధం అవుతుంది. పెన్సిలు ఆ గడి మీద పెట్టి ఉంచాను. ఒక్క గుండ్రని గీత. సోమవారం గుర్తొచ్చింది. నాలుగు రోజుల కోసం అంగడి మూసి వచ్చిన పెద్దమ్మ గుర్తొచ్చింది. పొద్దున గదిలో, చూడకుండా తయారు చేసుకున్న వాదనతో నేను పడిన సిగ్గు కూడా గుర్తొచ్చింది. అదే పని అదే రోజు రెండోసారి చేయలేకపోయాను. "నీళ్ళ కింద ఉంది. చూడలేదు. నాలుగూ నలభై ఐదు," అని రాసి కాగితం ఇచ్చేశాను.

సీటు

పొద్దుగూకే ముందు విభాగంలో ఆరుగురినీ కూర్చోబెట్టారు. విభాగాధిపతి చేతిలో ఆరు కాగితాలు.

"మొన్న ఇదే ఒడ్డున, ఆటు వేళకు, అన్ని వరుసల్లోనూ అన్ని గడులూ నేనే లెక్కపెట్టి పెట్టుకున్నాను," అన్నారు. "అట్టడుగు గడుల్లో ఆలుచిప్పలు కిక్కిరిసి ఉన్నాయి. ఒడ్డు మొత్తంలో ఎక్కువ జీవం ఉన్నది అక్కడే. మీలో ఐదుగురు అక్కడ సున్న రాశారు. ఖాళీ వదిలితే నష్టమని రాసి ఉంటారు. కానీ సున్న అంటే 'చూశాను, ఏమీ లేదు' అని అర్థం. రేపు ఎవరో మీ సున్నను నమ్మి ఆ బండ మీద కట్టడానికి అనుమతి ఇస్తారు. చూడకపోవడం తప్పు కాదు. చూడలేదని చెప్పకపోవడం తప్పు."

తేజ తల వంచుకున్నాడు.

"శిరీషా," అన్నారు. నా పేరే. "నీకు అన్ని జీవుల పేర్లూ తెలియవు. నత్తల్లో రెండు రకాలను ఒకటిగా లెక్కపెట్టావు. అవి నేర్పించగలం. మొదట ఏ గడికి నడవాలో, తెలియనప్పుడు ఏం రాయాలో నేర్పించడం చాలా కష్టం. సీటు నీది."

బయటకు ఎలా వచ్చానో తెలియదు. పెద్దమ్మ బాదం చెట్టు కిందనే ఉంది. నేను ఆలుచిప్పల సంగతి మొదలుపెట్టాను.

"గవన్ని తర్వాత జెప్పు. సీటు వచ్చిందా లేదా?"

"వచ్చింది పెద్దమ్మా!"

ఆమె నన్ను గట్టిగా పట్టుకుని, వెంటనే వదిలి, "ఇగ నా చెప్పులు నాకియ్యి," అంది. కళ్ళు మాత్రం కొంగుతో తుడుచుకుంటూనే ఉంది.

బాపుకు ఫోన్ చేశాను. సీటు వచ్చిందని చెప్పాను. వెనక బస్సు ఇంజను వినబడుతూ ఉంది.

"బాపూ, విన్నవా?"

"విన్న. అయితే సోమవారం బీఈడీకి పోయేది లేదు?"

"లేదు బాపూ."

"అవ్, గట్లనే గానియ్. బస్సుల అందరికి జెప్తున్న, ఉండు," అన్నాడు. ఫోన్‌లోంచి కంపెనీ బస్సులోని చప్పట్లు ఈ సముద్రం ఒడ్డు దాకా వినిపించాయి.

తేజ వచ్చి చేయి కలిపాడు. "వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను. కింది గడి నుంచి మొదలెడతాను," అన్నాడు. అతడు రాయాలని నేను నిజంగా కోరుకుంటున్నాను.

పోలమ్మ ఇంట్లో

ఆ పూట పోలమ్మ ఇంట్లో భోజనం. ఆమె పచ్చి నెత్తళ్ళ పులుసు చింతపండు, పచ్చిమామిడి వేసి పలచగా చేసింది. పెద్దమ్మ చూస్తూ ఊరుకోలేక రెండో పొయ్యి మీద కానాగంతల కూర నువ్వులు, ఎండుకొబ్బరి నూరి చిక్కగా చేసింది.

"ఇది కూరేటి, పచ్చడిలాగుంది," అంది పోలమ్మ.

"నీది కూరనా, చారు లెక్కున్నది. శాప ఈత గొడుతున్నది," అంది పెద్దమ్మ.

ఇద్దరూ రెండోసారి వడ్డించుకున్నది ఎదుటివాళ్ళ కూరే. నేను తీర్పు చెప్పలేదు. మూడేళ్ళలో మొదటిసారి ఏ పక్షమూ తీసుకోకుండా అన్నం తిన్నాను.

రిజిస్టరులో

తిరుగు ప్రయాణానికి ముందు ప్రవేశ పత్రం కోసం కార్యాలయానికి వెళ్ళాను. రిజిస్టరులో నా వివరాలు రాస్తూ గుమస్తాగారు జిల్లా పేరు దగ్గర ఆగారు. "రంగారెడ్డి... ఈ పేరు నేను ఇందులో ఇప్పటిదాకా రాయలేదమ్మా. మీ వైపు వాళ్ళకు సముద్రం మీద ఆసక్తి ఉండదనుకుంటా," అన్నారు. ఎగతాళిగా కాదు, మామూలుగానే అన్నారు.

అది కూడా చూడకుండా రాసిన సున్నే. మా వైపు పిల్లల్ని ఎవరైనా అడిగి, వాళ్ళు వద్దంటే అది సున్న. ఎవరూ అడగలేదు. మాకు ఎవరూ చెప్పలేదు. డిగ్రీ మూడేళ్ళలో మమ్మల్ని ఒక్కసారైనా తీరానికి తీసుకెళ్ళిన వాళ్ళు లేరు.

పెద్దమ్మ ఇంటికి తెచ్చిన ఎండు నెత్తళ్ళు మా అంగట్లో రెండు రోజుల్లో అయిపోయాయి. నేను వచ్చే వారం వెళ్ళిపోతున్నాను. వెళ్ళేలోపు ఇది రాస్తున్నది నా గెలుపు చెప్పుకోవడానికే అయితే ఇంత పొడవు అవసరం లేదు. నాకు మీతో పని ఉంది.

మీ ఇంట్లోనో మీ వీధిలోనో డిగ్రీ సైన్సు చివరి ఏడాది చదువుతున్నవాళ్ళు ఉంటే, అది మీర్‌పేట్ అయినా, రావిర్యాల అయినా, సముద్రం కనుచూపు మేరలో లేని ఇంకే ఊరైనా సరే, సముద్ర శాస్త్రాలు చదువుతావా అని ఈ వారంలోనే వాళ్ళను అడగండి. వద్దంటే వద్దు, అడిగిన తర్వాత వచ్చిన వద్దుకు విలువ ఉంటుంది. మీరు అధ్యాపకులైతే, ఏడాదికి ఒక్కసారి మీ విద్యార్థుల్ని పున్నమి మర్నాడు మధ్యాహ్నానికి ఏదో ఒక రాతి ఒడ్డుకు చేర్చండి. మిగతాది ఆ ఒడ్డు చెబుతుంది. ఆ విభాగం రిజిస్టరులో నా పేరు కింద గీతలన్నీ ఇంకా ఖాళీగానే ఉన్నాయి. వచ్చే ఏడు దరఖాస్తులు తెరిచిన రోజునే మీ ఊరి నుంచి ఒక పేరు పంపండి.